బోడ్రమ్‌లో ఉలుబురున్ ఓడ సామాన్లు చూసినవాళ్లున్నారా?

సాగర్_కె: వచ్చే నెల టర్కీ వెళ్తున్నాం. బోడ్రమ్ కోటలో ఉన్న నీటి అడుగు పురావస్తు మ్యూజియానికి ఒక పూట పెట్టుకున్నాను. క్రీ.పూ. 14వ శతాబ్దం చివర్లో మునిగిన ఉలుబురున్ ఓడ సామాన్లు అక్కడే ఉన్నాయి కదా. ఈజిప్టు రాణి నెఫర్తితి పేరున్న బంగారు ముద్ర గురించి తెలుసు. ఇంకేం చూడాలి?

లలిత_జర్మనీ: మేం చూశామండి. జనమంతా బంగారం దగ్గరే గుమిగూడతారు. మీరు రాగి దిమ్మల దగ్గర ఆగండి. పైభాగం బుడగలు పేలినట్టు గరుగ్గా ఉంటుంది, నాలుగు మూలలూ పట్టుకోవడానికి వీలుగా బయటికి సాగి ఉంటాయి. 1982లో స్పంజి కోసం మునిగిన మెహ్మెత్ చాకిర్ వాటిని చూసి ‘చెవులున్న లోహపు బిస్కెట్లు’ అన్నాడు. ఓడ ఆచూకీ అలా బయటపడింది.

మెటలర్జీ_మాధవి: లలిత గారి మాటే నాదీ. రాగి దాదాపు 10 టన్నులు, తగరం ఒక టన్ను. కంచు పోతపొయ్యడానికి కావాల్సిన పాళ్లు అవే! రాగిలో కొద్దిగా కలిసి ఉండే సీసం ఐసోటోపులు (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువులు) పరీక్షించి రాగి సైప్రస్‌దని తేల్చారు. తూనికరాళ్లు కూడా చూడండి. ఓడలో వర్తకులు ఉన్నారనడానికి అవే సాక్ష్యం.

తవ్వకాల_పిచ్చి: నా ఎం.ఏ. సెమినార్ దీనిమీదే. తవ్వకాలు 1984లో పురావస్తు శాస్త్రవేత్త జార్జ్ బాస్ మొదలుపెట్టారు, తర్వాత జెమాల్ పులాక్ 1994 దాకా నడిపించారు. లోతు 44 మీటర్ల నుంచి మొదలు. ఒక్కో మునకకి అడుగున ఉండగలిగేది 20 నిమిషాలే, అలా 22 వేలకు పైగా మునకలు వేశారు. అంత ఓపిక లేకపోతే చిన్న ఎలుక దవడ ఎముక దొరికేదే కాదు. పన్ను ఆకారాన్ని వేర్వేరు చోట్ల ఎలుకలతో పోల్చి, అది సిరియా ఉత్తర తీరంలో ఓడెక్కిందని 2008లో చెప్పారు. ఓడ ఏ రేవుల్లో ఆగిందో బంగారం చెప్పదు, ఈ ఎముక చెప్పింది. నాకు ఈ రంగం మీద ఇంత ఇష్టం కలగడానికి కారణం అదే.

సాగర్_కె: అద్భుతం! మరి జాడీలు?

లలిత_జర్మనీ: 150 దాకా దొరికాయి. చాలావాటిలో ఉన్నది పిస్తా జాతి చెట్టు బంక. పెద్ద కాగుల్లో అయితే సైప్రస్ మట్టిపాత్రలు పేర్చి పంపారు. అన్నట్టు, ఓడని నిలువునా కోసి సరుకుతో సహా చూపించే నమూనా ఉంది. ముందు అది చూసి, తర్వాత అద్దాల అరల దగ్గరికి వెళ్లండి. ఏది ఎక్కడ పేర్చారో బాగా అర్థమవుతుంది.