పాత ల్యాప్‌టాప్‌ను ఎక్స్‌చేంజ్‌లో ఇవ్వడమా, విడిగా అమ్ముకోవడమా?

ప్రశ్న: గౌతమీతీరం (రాజమహేంద్రవరం)

సభ్యులందరికీ నమస్కారం. మా అబ్బాయి ఈ ఏడాది ఇంజినీరింగ్‌లో చేరుతున్నందున కొత్త ల్యాప్‌టాప్ కొనాలనుకుంటున్నాము. ఇంట్లో 2017లో కొన్న ల్యాప్‌టాప్ ఒకటి ఉంది. ఇంటెల్ ఏడవ తరం కోర్ ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, ఒక టెరాబైట్ హార్డ్ డిస్క్ ఉన్నాయి. తెర, కీబోర్డు చక్కగా ఉన్నాయి కాని బ్యాటరీ గంటకు మించి నిలవడం లేదు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 ఎక్కిద్దామని చూస్తే ఈ ప్రాసెసర్ అందుకు తగినది కాదని తెరమీద సందేశం వస్తోంది.

మేము ఎంచుకున్న మోడల్‌కు ఊళ్లోని ఒక షోరూములో 62,000 రూపాయలు చెప్పారు. పాతది ఇస్తే దాని విలువగా 4,500, ఎక్స్‌చేంజ్ బోనస్‌గా మరో 3,000, మొత్తం 7,500 తగ్గించి 54,500కు ఇస్తామంటున్నారు. అదే మోడల్ ఆన్‌లైన్‌లో పాతది ఏదీ ఇవ్వకుండానే, మా బ్యాంకు కార్డు తగ్గింపుతో 56,500కు దొరుకుతోంది. ఎనిమిదేళ్లకు పైగా వాడిన యంత్రానికి 7,500 రావడం మంచి బేరమేనని ఇంట్లోవాళ్లు అంటున్నారు. నాకు మాత్రం మనసు ఒప్పడం లేదు.

డబ్బు సంగతి ఒకటైతే, అంతకంటే పెద్ద దిగులు మరొకటి ఉంది. ఆ ల్యాప్‌టాప్‌లో మా అందరి ఆధార్, పాన్ కార్డుల స్కాన్లు, పొలం దస్తావేజుల నకళ్లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, పదేళ్ల కుటుంబ ఫొటోలు ఉన్నాయి. అవన్నీ తొలగించి ఇచ్చినా ఎవరైనా తిరిగి బయటకు తీయగలరా? దీనికి తోడు 2011 నాటి డెస్క్‌టాప్ ఒకటి అటక మీద ఉంది. దాన్ని ఏ దుకాణమూ ఎక్స్‌చేంజ్‌కు తీసుకోవడం లేదు. అనుభవమున్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు: పార్క్‌లేన్ మరమ్మతులు (సికింద్రాబాద్)

గౌతమీతీరం గారూ, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో, చెనాయ్ ట్రేడ్ సెంటర్ పక్కనే చాలాకాలంగా ల్యాప్‌టాప్‌లు బాగుచేస్తున్నాను. పాతవి కొని, సరిచేసి, తిరిగి అమ్మడం కూడా మా పనిలో భాగమే కనుక రెండు వైపులా చూసిన మాట చెబుతాను.

ముందు మీ అంకెలే చూడండి. పాతది ఇవ్వకుండా మీకు దొరికే కనిష్ఠ ధర 56,500. పాతది ఇస్తే షోరూములో చెల్లించేది 54,500. అంటే మీ యంత్రానికి నిజంగా ముడుతున్నది 2,000 రూపాయలే. షోరూములో చెప్పిన 62,000 నుంచి లెక్క మొదలుపెట్టినప్పుడే 7,500 అనే అంకె పుడుతుంది. ఎక్స్‌చేంజ్ ప్రకటన ఏది చూసినా, పాతది ఇవ్వకపోతే ఇదే వస్తువు ఇతర చోట్ల ఎంతకు వస్తుందో తెలుసుకుని, ఆ ధరతోనే పోల్చాలి. అలా పోల్చిన తరువాత మిగిలేదే మీ పాత యంత్రానికి వాళ్లు కడుతున్న ఖరీదు. అయితే ఆ షోరూముతో ఒకసారి బేరమాడి చూడండి. ఆన్‌లైన్ ధర చూపిస్తే కొన్ని దుకాణాలు అసలు ధరను తగ్గించి, బోనస్‌ను కూడా ఉంచుతాయి. అప్పుడు లెక్క మారుతుంది.

ఇక విలువ ఎలా కడతారంటే, అన్నిటికంటే ముందు ప్రాసెసర్ తరం చూస్తారు. విండోస్ 11ను ఇంటెల్‌లో అధికారికంగా ఎనిమిదవ తరం నుంచే అనుమతిస్తున్నందున, ఏడవ తరం యంత్రం ఎంత శుభ్రంగా ఉన్నా దాని ధర ఒక మెట్టు కిందనే ఉంటుంది. ఆ తరువాత తెరమీద గీతలు, మూత బిజాగరీల బిగువు, బ్యాటరీ ఉబ్బిందా లేదా, ఒరిజినల్ ఛార్జర్ ఉందా అన్నవి చూస్తారు. షోరూములు చాలావరకు ఈ యంత్రాలను తాము ఉంచుకోవు. గుత్తగా కొనే వ్యాపారులకు అప్పగిస్తాయి. ఆ వ్యాపారి లాభం, రవాణా, కొన్ని యంత్రాలు పనిచేయకపోతే వచ్చే నష్టం, ఇవన్నీ మీకు చెప్పే ధరలోంచే ముందుగా తీసివేస్తారు. మధ్యవర్తులు పెరిగేకొద్దీ యజమానికి దక్కేది తగ్గడం ఈ వ్యాపారంలో సహజం.

నేనైతే ఈ యంత్రాన్ని ఇప్పుడే వదులుకోమని చెప్పను. హార్డ్ డిస్క్ తీసి ఒక సాటా ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని, వేగమైన నిల్వ పరికరం) వేయిస్తే, పావుగంట సేపు తిరిగి తిరిగి తెరుచుకునే యంత్రం నిమిషంలోపే సిద్ధమవుతుంది. 8 జీబీ ర్యామ్ ఇంటి అవసరాలకు చాలు. విండోస్ 10కే వ్యక్తిగత వినియోగదారుల కోసం 2026 అక్టోబరు 13 వరకు అదనపు భద్రతా అప్‌డేట్ల పథకాన్ని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. అందులో పేరు నమోదు చేసుకోవాలి. అమ్మాలనే నిర్ణయించుకుంటే ఊళ్లో తెలిసినవారికి, చదువుకునే పిల్లలకు నేరుగా అమ్మండి. రెండు వేలకు మించి తప్పక వస్తుంది.

జవాబు: పద్దుపుస్తకం (గుంటూరు)

పై సభ్యులు చెప్పినదానికి పన్ను కోణం నుంచి కొంత చేర్చవలసి ఉంది. ల్యాప్‌టాప్‌ల మీద జీఎస్టీ 18 శాతం. ఎక్స్‌చేంజ్‌లో కొన్నప్పుడు మనం చెల్లించిన నగదు మీదనే పన్ను పడుతుందని చాలామంది అనుకుంటారు కాని అది సరికాదు. కేంద్ర జీఎస్టీ (సీజీఎస్టీ) నిబంధనల్లో 27వది సరిగ్గా ఈ సందర్భం గురించే చెబుతుంది. పాత ఫోను ఇచ్చి కొత్త ఫోనును 20,000కు కొంటే, పాతది ఇవ్వకుండా దాని ధర 24,000 అయినప్పుడు, పన్ను లెక్కకు తీసుకోవలసిన విలువ 24,000 అని అక్కడ ఉదాహరణ కూడా ఇచ్చారు. పాత వస్తువు కూడా చెల్లింపులో భాగమేనన్నది చట్టం ఉద్దేశం.

మీ విషయంలో చూస్తే, 62,000 ధరలో పన్ను సుమారు 9,458 రూపాయలు. 54,500లోనైతే సుమారు 8,314. ఈ తేడా మీ జేబులో నుంచి విడిగా పోయేది కాదు, ధరలో కలిసి ఉన్నదే. అయినా బిల్లు మీద కొత్త యంత్రం పూర్తి ధర, పాతదానికి కట్టిన విలువ విడివిడిగా కనిపించేలా రాయించుకోండి. రేపు బీమా క్లెయిము పెట్టవలసి వచ్చినా, యంత్రం విలువ నిరూపించవలసి వచ్చినా అదే ఆధారం.

ఈ చర్చ చదివే చిన్న వ్యాపారులకు ఒక హెచ్చరిక. జీఎస్టీ నమోదు ఉన్న సంస్థ పేరుమీద కొని, ఇన్‌పుట్ టాక్స్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నును తాము కట్టవలసిన పన్నులో తగ్గించుకునే వీలు) తీసుకున్న కంప్యూటర్‌ను ఎక్స్‌చేంజ్‌లో ఇస్తే, అది కూడా సరఫరా కిందికే వస్తుంది. మీరు కూడా ఇన్‌వాయిస్ ఇవ్వాలి. సీజీఎస్టీ చట్టం సెక్షన్ 18(6) ప్రకారం, తీసుకున్న క్రెడిట్‌లో ప్రతి త్రైమాసికానికి 5 శాతం పాయింట్ల చొప్పున తగ్గించగా మిగిలినది, లేదా అమ్మకపు విలువ మీద పన్ను, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే అది చెల్లించాలి. అయిదేళ్లు దాటిన యంత్రానికి మొదటిది సున్నా అవుతుంది కనుక అమ్మకపు విలువ మీద పన్ను మాత్రమే మిగులుతుంది. ఏడాది రెండేళ్లకే కంప్యూటర్లు మార్చే కార్యాలయాలు మాత్రం ఈ లెక్క వేసుకున్న తరువాతే బేరానికి వెళ్లడం మంచిది.

జవాబు: సర్వర్‌గది (హైదరాబాద్)

ప్రశ్న అడిగినవారు సమాచారం గురించి పడుతున్న దిగులు పూర్తిగా సబబైనది. రెండు వేలో ఏడు వేలో అన్న చర్చకంటే ఇదే ముఖ్యమని నా అభిప్రాయం. ఫైళ్లను తొలగించి రీసైకిల్ బిన్ ఖాళీ చేసినా, డిస్క్‌ను క్విక్ ఫార్మాట్ చేసినా, సమాచారం డిస్క్ మీద అలాగే ఉంటుంది. ఆ చోటు ఖాళీగా ఉందని మాత్రమే కంప్యూటర్ గుర్తుపెట్టుకుంటుంది. ఉచితంగా దొరికే రికవరీ సాఫ్ట్‌వేర్‌తోనే మీ దస్తావేజుల నకళ్లు బయటకు వస్తాయి. అందుకు పెద్ద నైపుణ్యమేమీ అక్కరలేదు.

మీది తిరిగే హార్డ్ డిస్క్ కనుక పని సులువే. సమాచారమంతా బయటి డిస్క్‌లోకి ఎక్కించుకుని, ఆ నకలును మరో కంప్యూటర్‌లో తెరిచి సరిచూసుకోండి. ఆ తరువాత విండోస్ సెట్టింగ్స్‌లో రీసెట్‌కు వెళ్లి, అన్నీ తొలగించమని ఎంచుకుని, అక్కడే అదనపు సెట్టింగుల్లో డ్రైవ్‌ను శుభ్రం చేసే ఎంపికను కూడా ఆన్ చేయండి. ఇది లేకుండా చేసిన రీసెట్ చాలదు. డిస్క్ మొత్తం మీద తిరగరాసే పని కనుక కొన్ని గంటలు పడుతుంది, ఛార్జర్ పెట్టి ఉంచాలి. ఒకప్పుడు ఏడుసార్లు, ముప్పయి అయిదుసార్లు తిరగరాయాలని చెప్పేవారు. నేటి హార్డ్ డిస్క్‌లకు పూర్తిగా ఒకసారి తిరగరాస్తే సాధారణంగా సరిపోతుందని అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్ఐఎస్‌టీ తన 800-88 మార్గదర్శకాల్లో పేర్కొంది.

ఎస్ఎస్‌డీ ఉన్నవారికి ఈ పద్ధతి నమ్మదగినది కాదు. ఎస్ఎస్‌డీ తన కణాలన్నీ సమానంగా అరిగేందుకు రాతలను తానే వేర్వేరు చోట్లకు మళ్లిస్తుంది, కొంత చోటును తన అవసరానికి దాచుకుంటుంది. అందువల్ల పైనుంచి తిరగరాసినా కొన్ని భాగాలకు అది చేరదు. తయారీదారు ఇచ్చే సెక్యూర్ ఎరేజ్ సౌకర్యం వాడాలి. లేదా మొదటినుంచీ బిట్‌లాకర్ వంటి ఎన్‌క్రిప్షన్ (సమాచారాన్ని తాళం వేసినట్టు సంకేతాల్లోకి మార్చే ఏర్పాటు) పెట్టుకుని ఉంటే, రీసెట్‌తో తాళంచెవి చెరిగిపోయాక మిగిలిన సమాచారం చదవడానికి వీలుపడదు. మ్యాక్ వాడేవారు పోయిన పరికరాన్ని వెతికే ఫైండ్ మైని ఆపి, యాపిల్ ఖాతా నుంచి బయటకు రాకపోతే, కొన్నవారికి ఆ యంత్రం యాక్టివేషన్ లాక్‌తో (పాత యజమాని ఖాతా లేనిదే తెరవనివ్వని తాళంతో) నిలిచిపోవచ్చు.

పార్క్‌లేన్ మరమ్మతులు గారు చెప్పినట్టు ఎస్ఎస్‌డీ వేయిస్తే మీకు మరో లాభం ఉంది. పాత హార్డ్ డిస్క్ మీ దగ్గరే ఉండిపోతుంది. దానికి యూఎస్‌బీ కేసు ఒకటి కొంటే ఫొటోలకు అదనపు నకలుగా పనికివస్తుంది. నా మట్టుకు నేను ఇంటి కంప్యూటర్ల డిస్క్‌లను బయటివారికి ఇవ్వను. ఏ దారిలో ఇచ్చినా, సీరియల్ నంబరు, తేదీ, తీసుకున్నవారి వివరాలతో ఒక రశీదు మీ దగ్గర ఉండాలి. ఆపైన మైక్రోసాఫ్ట్, గూగుల్ ఖాతాల పరికరాల జాబితాలో నుంచి ఆ యంత్రాన్ని తొలగించండి.

జవాబు: నల్లబల్ల (కరీంనగర్)

అటక మీది డెస్క్‌టాప్ గురించి ఎవరూ చెప్పలేదు కనుక రాస్తున్నాను. నేను ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయుణ్ణి. మా బడిలో అటువంటి పాత యంత్రాల మీద లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికపాటి ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించి పిల్లలకు టైపింగ్, లిబ్రెఆఫీస్ (ఉచిత ఆఫీసు సాఫ్ట్‌వేర్) నేర్పుతున్నాము. తెలుగు కీబోర్డు అందులోనే దొరుకుతుంది, చిన్న తరగతులవారికి జీకాంప్రీ ఆటలు ఎంతో ఉపయోగపడుతున్నాయి. 4 జీబీ ర్యామ్ ఉంటే చాలు. కనుక యంత్రం పనిచేస్తుంటే, డిస్క్ శుభ్రం చేసి, దగ్గరలోని బడివారిని ముందుగా అడిగి ఇవ్వండి.

ఒక విన్నపం మాత్రం చేయాలి. పనిచేయని కంప్యూటర్లను దానంగా తెచ్చి బడి వరండాలో పెట్టి వెళ్లేవారు ఉన్నారు. ఒకసారి స్టాకు రిజిస్టరులో ఎక్కితే వాటిని తీసివేయడానికి అనుమతులు రావడం ఎంత కష్టమో ఆ బాధ పడినవారికే తెలుస్తుంది. మీ ఇంట్లో ఆన్ కాని యంత్రం మా బడిలోనూ ఆన్ కాదు.

పనిచేయనిదైతే దయచేసి పాత సామాన్లవాడికి వేయవద్దు. ఈ-వేస్ట్ నిర్వహణకు 2022లో వచ్చి 2023 ఏప్రిల్ 1 నుంచి అమలైన నిబంధనల ప్రకారం, వాడి పారేసిన పరికరాల రీసైక్లింగ్ బాధ్యత ఉత్పత్తిదారులదే. తయారీ కంపెనీల వెబ్‌సైట్లలో సేకరణ వివరాలు ఉంటాయి, నమోదైన రీసైక్లర్ల జాబితా కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దగ్గర దొరుకుతుంది. ఢిల్లీలోని సీలంపూర్, ఉత్తరప్రదేశ్‌లోని మొరాదాబాద్ వంటి చోట్ల సర్క్యూట్ బోర్డులను కాల్చి, ఆమ్లాల్లో ముంచి రాగి, బంగారం తీసే పనిలో పిల్లలు కూడా ఉన్నారు. ఆ సీసం, ఆ పొగ వాళ్ల ఒంట్లోకి పోతాయి. మనకు వచ్చే వంద రెండు వందల కోసం అటువంటి చోటికి మన యంత్రాన్ని పంపడం న్యాయం కాదు.

గౌతమీతీరం (రాజమహేంద్రవరం)

అందరికీ కృతజ్ఞతలు. ల్యాప్‌టాప్‌కు ఎస్ఎస్‌డీ వేయించి ఇంట్లోనే ఉంచుకోవాలని, డెస్క్‌టాప్ పనిచేస్తే మా వీధి చివరి బడిలో అడగాలని నిర్ణయించుకున్నాము. మా బావమరిది గారు మాత్రం తన పదవ తరం ల్యాప్‌టాప్‌ను ఆన్‌లైన్ ఎక్స్‌చేంజ్‌లో ఇచ్చి కొత్తది తీసుకుందామనుకుంటున్నారు. ఆయన ముందుగా చూసుకోవలసినవి ఏమైనా ఉన్నాయా?

పార్క్‌లేన్ మరమ్మతులు (సికింద్రాబాద్)

పదవ తరమైతే విండోస్ 11 నడుస్తుంది కనుక మంచి ధరే రావచ్చు. ఆన్‌లైన్‌లో అడిగే ప్రశ్నలకు ఉన్నది ఉన్నట్టు జవాబివ్వమనండి. తీసుకోవడానికి వచ్చినవారు గుమ్మం దగ్గరే యంత్రాన్ని పరీక్షిస్తారు. పేర్కొనని గీత కనిపించినా ధర తగ్గిస్తారు, లేదా ఎక్స్‌చేంజ్‌ను రద్దు చేసి పూర్తి ధర కట్టమంటారు. కొత్తది చేతికి అందిన క్షణంలోనే పాతది ఇచ్చివేయవలసి ఉంటుంది, అందులోనుంచి ఇందులోకి ఫైళ్లు ఎక్కించుకునే వ్యవధి ఉండదు. కనుక నకళ్లు తీయడం, డిస్క్ శుభ్రం చేయడం డెలివరీకి ముందురోజుకే పూర్తికావాలి. కొత్త యంత్రంలో లోపముండి తిరిగి పంపవలసి వస్తే పాతది వెనక్కి ఇస్తారా, దాని విలువ నగదుగా ఇస్తారా అన్నది ఆర్డరు పెట్టకముందే నిబంధనల్లో చదివి, ఆ పేజీ స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోమని చెప్పండి.