అమెరికా డీప్‌వాటర్ పోర్ట్ చట్టం: 356 రోజుల గడువు ఎందుకు నిలవడం లేదు? గవర్నరు అభ్యంతరానికి అంత బలం ఎందుకు?

ప్రశ్న: విశాఖ న్యాయవిద్యార్థిని

సభ్యులందరికీ నమస్కారం. సముద్ర చట్టాలపై ప్రాజెక్టు రాయడానికి అమెరికాలోని 1974 నాటి డీప్‌వాటర్ పోర్ట్ చట్టాన్ని చదువుతున్నాను. తీరానికి దూరంగా, రాష్ట్రాల జలాల హద్దు దాటిన చోట ముడి చమురు లేదా సహజవాయువు ఎక్కించే, దించే కట్టడాలకు ఈ చట్టం కింద కేంద్ర ప్రభుత్వమే లైసెన్సు ఇస్తుంది. దరఖాస్తు అందిన నాటి నుంచి 356 రోజుల్లో నిర్ణయం వెలువడాలని చట్టంలో లెక్క ఉంది. అయితే టెక్సాస్‌లోని ఫ్రీపోర్ట్ దగ్గర తలపెట్టిన సీ పోర్ట్ ఆయిల్ టెర్మినల్‌కు 2019లో దరఖాస్తు చేస్తే, లైసెన్సు చేతికి వచ్చింది 2024 ఏప్రిల్‌లో. ఇంత జాప్యం చట్టానికి లోబడే జరిగిందా? మరొక సందేహం కూడా ఉంది. కట్టేది కేంద్రం పరిధిలోని జలాల్లో అయినప్పుడు, పక్క రాష్ట్రపు గవర్నరు కాదంటే ప్రాజెక్టు మొత్తం ఆగిపోవడం సమంజసమేనా? తెలిసినవారు వివరించగలరు.

జవాబు 1: హ్యూస్టన్‌లో పర్యావరణ అనుమతుల పనిలో ఉన్న సభ్యుడు

అమ్మా, ముందుగా ఈ పోర్టుల అవసరం ఏమిటో చెబితే మిగతాది సులువుగా అర్థమవుతుంది. అతిపెద్ద చమురు ఓడ ఒకటి దాదాపు 20 లక్షల బ్యారెళ్లు మోస్తుంది. నిండుగా ఉన్నప్పుడు అది నీటిలో డెబ్బై అడుగులకు పైగా మునుగుతుంది, కానీ హ్యూస్టన్ ఓడల కాలువ లోతు 45 అడుగుల దగ్గరే ఉంది. అందుకే చిన్న ఓడల్లో చమురు నింపి, సముద్రంలో లంగరు వేసుకుని నిలిచిన పెద్ద ఓడలోకి మళ్లీ ఎక్కిస్తారు. నేరుగా పైపులైనుతో సముద్రం మధ్యలోనే నింపగలిగితే ఈ రెండో ఎక్కింపు తప్పుతుంది. లూసియానా తీరానికి దాదాపు 18 మైళ్ల దూరంలో 1981 నుంచి పనిచేస్తున్న లూప్ అనే పోర్టు దిగుమతుల కోసం కట్టినది. ముడి చమురు ఎగుమతులపై నిషేధాన్ని 2015 డిసెంబరులో ఎత్తివేశాక, 2018లో అక్కడి నుంచే ఎగుమతి ఓడ కూడా బయలుదేరింది.

ఇక గడువు సంగతి. దరఖాస్తు సంపూర్ణంగా ఉందో లేదో చూడటానికి 21 రోజులు, ప్రకటన వెలువరించడానికి 5, ఆపై చివరి బహిరంగ విచారణ ముగియడానికి 240, ఆ తర్వాత నిర్ణయానికి 90 రోజులు. ఇవన్నీ కలిపితేనే మీరు చెప్పిన 356 వస్తుంది. అయితే దరఖాస్తుదారు ఇచ్చిన సమాచారం చాలదని తేలితే ఈ గడియారాన్ని ఆపే అధికారం మారిటైమ్ అడ్మినిస్ట్రేషన్ అనే కేంద్ర నౌకాయాన సంస్థకూ కోస్ట్ గార్డ్‌కూ నిబంధనల్లోనే ఉంది. ఓడలోకి చమురు నింపుతుంటే ట్యాంకులోని ఆవిరి బయటకు నెట్టుకొస్తుంది. దానిని ఎలా పట్టి ఉంచుతారన్న ఒక్క ప్రశ్నకే నెలల తరబడి లెక్కలు తిరగరాయాల్సి వస్తుంది.

ఫ్రీపోర్ట్ వ్యవహారంలో మరొక కారణం ఉంది, దీన్ని మీరు తప్పక ప్రాజెక్టులో రాయాలి. పర్యావరణ ప్రభావంపై మొదటి ముసాయిదా నివేదిక వెలువడ్డాక, అక్కడి ఇంగ్లీషు అంతగా రాని నివాసులకు అది అందలేదన్న విమర్శ రావడంతో, 2021లో అనుబంధ ముసాయిదాను స్పానిష్‌లోకి కూడా మార్చి, అభిప్రాయాలకు మళ్లీ సమయం ఇచ్చారు. దీనిని నేను జాప్యం అనుకోను. తన ఊరి పక్కన ఏమి కడుతున్నారో తన భాషలో చదువుకునే అవకాశం లేకపోతే, బహిరంగ విచారణ పేరుకే మిగిలిపోతుంది.

జవాబు 2: ఇంధన విధానాలను గమనించే సభ్యురాలు

గవర్నరు గురించి నేను చెబుతాను. అమెరికా గవర్నరు మన గవర్నరు లాంటివారు కారు, ఎన్నికై పరిపాలించే వ్యక్తి కాబట్టి ఆ పదవిని మన ముఖ్యమంత్రితో పోల్చుకోవాలి. పైపులైను నేలకు చేరే రాష్ట్రం, లేదా పోర్టుకు 15 నాటికల్ మైళ్ల లోపున్న రాష్ట్రం పక్క రాష్ట్రంగా లెక్కకు వస్తుంది. చివరి విచారణ తర్వాత 45 రోజుల్లో గవర్నరు నోరు విప్పకపోతే ఆమోదించినట్టే భావిస్తారు. కాదని స్పష్టంగా రాస్తే లైసెన్సు రాదు.

ఈ అధికారం వృథా కాలేదనడానికి నాకు అన్నిటికన్నా బలంగా కనిపించే ఉదాహరణ లూసియానాలోని మెయిన్ పాస్. అక్కడ ద్రవీకృత సహజవాయువును (ఎల్‌ఎన్‌జీని), అంటే మైనస్ 162 డిగ్రీల సెల్సియస్ చల్లదనంలో ఉండే ద్రవాన్ని, వేడిచేసి మళ్లీ వాయువుగా మార్చడానికి సముద్రపు నీటినే నిరంతరం లాగి వాడి, చల్లబడ్డాక తిరిగి వదిలే పద్ధతిని కంపెనీ ప్రతిపాదించింది. ఆ నీటితోపాటు చేపల గుడ్లు, అప్పుడే పుట్టిన పిల్లలు లోపలికి వెళ్లి చచ్చిపోతాయని జాలర్లు, మత్స్య శాస్త్రవేత్తలు ఆందోళన చెందారు. గవర్నర్ కాథ్లీన్ బ్లాంకో 2006 మేలో తిరస్కరించారు. కంపెనీ సముద్రపు నీటి మీద ఆధారపడని మూసిన వలయం పద్ధతికి మారాక అభ్యంతరం తొలగింది. కేంద్రం ఒక్కటే నిర్ణేతగా ఉండి ఉంటే ఆ మార్పు వచ్చేదని నాకు నమ్మకం లేదు.

2007లో కాలిఫోర్నియా గవర్నర్ ఆర్నాల్డ్ ష్వార్జెనెగర్ కాబ్రిల్లో పోర్టునూ, 2015లో న్యూయార్క్ గవర్నర్ ఆండ్రూ క్యూమో పోర్ట్ ఆంబ్రోస్‌నూ తిరస్కరించారు. వాటిలో రాజకీయ ఒత్తిడి లేదని అనలేం. అయినా ఓడ నుంచి చమురు ఒలికితే నల్లబడేది ఆ రాష్ట్రపు ఇసుకే. రాష్ట్రానికి మాట ఉండటం న్యాయమేనని నా అభిప్రాయం.

ప్రశ్నించిన సభ్యురాలు

ఇద్దరికీ ధన్యవాదాలు. లైసెన్సు ఇచ్చాక పర్యవేక్షణ ఎవరిది? తీరానికి దగ్గరగా కట్టే వాయు టెర్మినళ్లు కూడా ఈ చట్టం కిందికే వస్తాయా?

జవాబు 1 రాసిన సభ్యుడు

రావు. నేల మీద, రాష్ట్ర జలాల్లో కట్టే ఎల్‌ఎన్‌జీ టెర్మినళ్లను ఫెడరల్ ఎనర్జీ రెగ్యులేటరీ కమిషన్ చూస్తుంది. లూసియానాకు రాష్ట్ర జలాలు 3 నాటికల్ మైళ్లు, టెక్సాస్‌కు 9. కాబట్టి ఒకే దూరంలో కట్టినా టెక్సాస్‌లో ఒక సంస్థ, లూసియానాలో మరొక సంస్థ అనుమతి ఇవ్వాల్సి రావచ్చు. సహజవాయువును 2002లోనూ, ఎగుమతులను 2012లోనూ చట్టంలో చేర్చారు. లైసెన్సు తర్వాత నిర్వహణ నియమావళిని ఆమోదించేదీ తనిఖీలు చేసేదీ కోస్ట్ గార్డే. ఒక షరతు చూడండి. మసాచుసెట్స్ తీరంలోని నార్త్‌ఈస్ట్ గేట్‌వే పోర్టుకు అనుమతిలో భాగంగా, రైట్ వేల్ జాతి తిమింగలాల కూతలను పట్టే పరికరాలతో కూడిన, నీటిపై తేలే బోయ్‌లను ఓడల దారిలో ఉంచారు. కూత వినిపిస్తే ఎల్‌ఎన్‌జీ ఓడ వేగాన్ని 10 నాట్లకు (గంటకు 10 నాటికల్ మైళ్లకు) తగ్గించాలి.

జవాబు 3: పోర్టు విభాగంలో పనిచేసి పదవీ విరమణ చేసిన సభ్యుడు

పోలిక కోసం మన దగ్గరి సంగతి ఒక్క మాట. విశాఖలో నిత్యం కనిపించే చమురు ఓడల వెనుక ఉన్నది ఇలాంటి ఒకే చట్టం కాదు. పోర్టు చట్టాలు, తీరప్రాంత నియంత్రణ మండలం (సీఆర్‌జెడ్) నోటిఫికేషన్, 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ విడివిడిగా వర్తిస్తాయి. ప్రజాభిప్రాయ సేకరణను రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి నిర్వహించాలి, 45 రోజుల్లో ముగించాలి. అందులో వినిపించిన అభ్యంతరానికి జవాబు చెప్పాల్సిన బాధ్యత దరఖాస్తుదారుపై ఉన్నా, లైసెన్సునే నిలిపివేసే గవర్నరు అధికారం వంటిది మన రాష్ట్రానికి లేదు. మీ ప్రాజెక్టులో ఈ తేడాను తప్పక పరిశీలించండి.

పోర్టు మూతపడితే తొలగింపు ఖర్చుకు ముందే ఆర్థిక హామీ తీసుకోవడం కూడా ఆ చట్టంలో ఉన్న మంచి నిబంధన. లూసియానా తీరానికి 116 మైళ్ల దూరంలో 2005లో మొదలైన గల్ఫ్ గేట్‌వే ఎల్‌ఎన్‌జీ పోర్టు 2008లో ఐక్ తుపానుకు దెబ్బతిని, ఆ తర్వాత కొన్నేళ్లకు మూతపడింది. మీరు చట్టపు పాఠంలో లైసెన్సు షరతుల సెక్షను దగ్గర ఆ హామీ నిబంధన చదివి, దాని పక్కన మన నోటిఫికేషన్లలో అలాంటిది ఏది ఉందో వెతికి ఇక్కడ రాయగలరు.