పాత పెట్రోల్ కారులో పెట్రోల్ వాసన: ముందు స్మోక్ టెస్టా, చేత్తో చెకింగా?

తెనాలి_హ్యాచ్‌బ్యాక్
2009 మోడల్ చిన్న హ్యాచ్‌బ్యాక్, ఎంపీఎఫ్ఐ (కార్బ్యురేటర్ బదులు ఇంజెక్టర్లున్న) పెట్రోల్, బీఎస్-3 (పాత కాలుష్య ప్రమాణం). ట్యాంకు ఫుల్ కొట్టించిన రాత్రి నుంచి పెట్రోల్ వాసన వస్తుంది. వెనక సీటు దగ్గర ఎక్కువ, బానెట్ దగ్గర లేనట్టే. పెట్రోల్ సగానికి దిగితే వాసన ఉండదు. నేల మీద చుక్క లేదు, చెక్ ఇంజిన్ లైటు లేదు, పొల్యూషన్ సర్టిఫికెట్ కూడా వచ్చింది. స్మోక్ టెస్ట్ (పైపుల్లోకి పొగ పంపి లీకు వెతికే పరీక్ష) చేయకుండా ఒక్క పార్టూ మార్చొద్దని ఒకరు, పంపు మీది రబ్బరు రింగు మారిస్తే సరిపోతుందని ఇంకొకరు, కార్బన్ కెనిస్టర్ (ట్యాంకు ఆవిరిని పట్టే బొగ్గు డబ్బా) పీకేసి పైపుకు బోల్టు కొట్టమని మూడో ఆయన. దేనితో మొదలుపెట్టాలో కారణంతో సహా చెప్పండి.

కూకట్‌పల్లి_స్కానర్
స్మోక్ టెస్ట్‌తోనే అండి. ఆవిరి వెళ్లే దారి చాలా పొడవు. మూత, పెట్రోల్ పోసే ఫిల్లర్ పైపు, ట్యాంకు పైభాగం, బండి బోల్తాపడితే పెట్రోల్ కారకుండా ఆపే రోలోవర్ వాల్వు, బండి కింద నుంచి ముందుకొచ్చే ఆవిరి పైపు, కెనిస్టర్, అందులోని ఆవిరిని ఇంజిన్‌లోకి వదిలే పర్జ్ వాల్వు, అక్కడి నుంచి ఇంజిన్‌కు గాలి వెళ్లే మానిఫోల్డు. ఇన్ని జాయింట్లలో ఏది కారుతోందో ముక్కుతో పట్టలేం. పెట్రోల్ ఆవిరి గాలికన్నా బరువు, పుట్టిన చోట నిలవదు, పల్లం చూసుకుని పాకుతుంది. వాసన వెనక సీటు దగ్గర వచ్చినంత మాత్రాన లీకు అక్కడే ఉందనుకోవద్దు. పొగ పట్టిస్తే అరగంటలో కళ్లకు కనపడుతుంది. అందాజుగా పార్టులు మార్చుకుంటూ పోతే మూత, రింగు, పర్జ్ వాల్వు, కెనిస్టర్ అన్నీ కొత్తవవుతాయి, వాసన మాత్రం అలాగే ఉంటుంది.

బెజవాడ_పాతబండ్లు
స్కానర్ గారూ, స్మోక్ మిషన్ మంచిదే, కాదనను. కానీ ఇక్కడ బండే సగం జవాబు చెప్పేసింది. ఫుల్ ట్యాంకుకు వాసన, సగానికి దిగితే లేదు. అంటే పెట్రోల్ మట్టానికి దగ్గరగా ఉన్న జాయింటు తడుస్తోంది. ఆవిరి పైపో పర్జ్ వాల్వో లీకైతే మట్టంతో ఇంత కచ్చితంగా ముడిపడదు, ఎండకీ ఇంజిన్ వేడికీ ముడిపడుతుంది.

మట్టంతో ముడిపడేవి ముఖ్యంగా మూడు. పంపు ఫ్లాంజ్ (పంపును ట్యాంకు మీద కూర్చోబెట్టే మూత) కింద రబ్బరు రింగు, ఫిల్లర్ పైపును ట్యాంకుకు కలిపే లావు హోసు, ట్యాంకు పైన రోలోవర్ వాల్వు కూర్చునే చోటు. పంపు మూత వెనక సీటు కింద ఉండే బండి అయితే సీటు కుషను ఎత్తి, రేకు మూత విప్పి టార్చి వేసి చూడండి. ఫ్లాంజ్ చుట్టూ దుమ్ము ఎండిపోయి బూడిదరంగులో ఉంటే అక్కడ లీకు లేదు. ఒక వైపు దుమ్ము తడిసి నల్లగా ముద్దకట్టినా, పెయింటు మీద గోధుమరంగు చారిక ఉన్నా దొరికినట్టే. ట్యాంకు పైన చిన్న పల్లం ఉంటుంది. కారిన పెట్రోల్ అక్కడ నిలిచి అక్కడే ఆవిరైపోతుంది, నేల దాకా రాదు. చుక్క పడలేదు కాబట్టి లీకు ద్రవం కాదు, ఆవిరే అనుకోవడం ఇక్కడే తప్పుతుంది.

ఫిల్లర్ పైపు కోసం వెనక చక్రం పైన ప్లాస్టిక్ లైనింగు తీయండి. దాని వెనక మట్టి పేరుకుని, వానాకాలమంతా తడిగా ఉండి, పైపు రేకును తుప్పు తినేస్తుంది. బంకులో నింపుతున్నప్పుడే చక్రం దగ్గర చెమ్మ కనిపిస్తే దోషం పైపుదీ హోసుదీ, రింగుది కాదు. ఇవన్నీ చూడటానికి స్క్రూడ్రైవరూ టార్చీ చాలు.

ఇంకో తేడా గుర్తుంచుకోండి. ట్యాంకులో ఎంత ఉన్నా, ఇంజిన్ నడిచినప్పుడే వాసన వస్తే అది ఆవిరి దారి కాదు, పంపు నుంచి ఇంజిన్‌కు పెట్రోల్ తోసే ప్రెషర్ లైను. ఇలాంటి బండ్లలో అక్కడ సుమారు 3 బార్ ఒత్తిడి ఉంటుంది. ఫ్లాంజ్ మీది ప్లాస్టిక్ అవుట్‌లెట్ గొట్టానికి వెంట్రుక మందం పగులు వచ్చినా చాలు. స్మోక్ మిషన్ ఆ లైనును అసలు చూడదు, ఎందుకంటే పొగ వెళ్లేది ఆవిరి వైపు. స్మోక్ టెస్ట్ పాసైందని ఆ బండిని అలాగే నడిపితే మంట అంటుకునే ప్రమాదం ఉంది.

కూకట్‌పల్లి_స్కానర్
ప్రెషర్ లైను మాట ఒప్పుకుంటున్నాను. దానికి ఇంజెక్టర్లకు పెట్రోల్ పంచే గొట్టం (ఫ్యూయల్ రైలు) మీద ప్రెషర్ గేజి పెట్టాలి. అయితే గేజి రీడింగు పడిపోయిందని వెంటనే బయటి లీకు అనుకోవద్దు, పెట్రోల్ వెనక్కి రాకుండా ఆపే పంపు లోపలి చెక్ వాల్వు వదిలినా ప్రెషర్ దిగుతుంది.

రింగు సంగతికొస్తే, చాలా చోట్ల జరిగేది ఇది: రింగు మారుస్తారు, రెండు వారాలకు వాసన మళ్లీ వస్తుంది. పగులు రింగులో కాదు, అదే ఫ్లాంజ్ మీద ఆవిరి గొట్టం మొదట్లో ఉంటుంది. దుమ్ము చారిక రెంటికీ ఒకేలా పడుతుంది. పొగ మాత్రం రెంటినీ విడదీసి చూపిస్తుంది.

డాలస్_గరాజ్
ఇద్దరూ చెప్పింది నిజమే కానీ బండి ఏ దేశానికి తయారైందన్నది కూడా చూడాలి. అమెరికాలో 1996 తర్వాత దశలవారీగా వచ్చిన కార్లు ఆవిరి లీకును తమంతట తామే పరీక్షించుకుంటాయి. మొదట 1 మిల్లీమీటరు రంధ్రం, 2000 మోడల్ నుంచి క్రమంగా అర మిల్లీమీటరు రంధ్రం పట్టుకోవాలని నిబంధన. అందుకే ఇక్కడ అమెరికాలో కారు కంప్యూటర్ ఇచ్చే లోపం కోడుల్లో పీ0455 పెద్ద లీకుకు, పీ0442 చిన్న లీకుకు, పీ0456 మరీ చిన్న లీకుకు వస్తాయి. ఇండియా బీఎస్-3 బండికి ఆ పరీక్షే లేదు. పర్జ్ వాల్వు కాయిలు తెగితే కనిపెట్టే కార్లున్నాయి కానీ హోసు ఊడిపోయినా లైటు రాదు. పొల్యూషన్ టెస్టు కూడా సైలెన్సర్ గొట్టంలోని పొగనే కొలుస్తుంది, ట్యాంకు జోలికి పోదు. కాబట్టి లైటు, సర్టిఫికెట్ రెండూ ఈ లెక్కలోకి రావు.

స్మోక్ చేయించేటప్పుడు తప్పు జరిగేది కెనిస్టర్ దగ్గర. దానికి మూడు నోళ్లు: ఒకటి ట్యాంకు వైపు, ఒకటి పర్జ్ వైపు, మూడోది బయటి గాలికి. అమెరికా బండిలో ఈ మూడో దారిని మూసే వెంట్ వాల్వు ఉంటుంది, స్కానర్‌తో కమాండ్ ఇచ్చి మూయిస్తాం. ఇండియాలోని పాత బండ్లలో ఆ నోరు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. దానికి రబ్బరు మూత పెట్టకుండా పొగ వదిలితే కెనిస్టర్ నుంచి పొగ దట్టంగా వస్తుంది. అది లీకు కాదు, డిజైనే అంత. అది చూసి మంచి కెనిస్టర్‌ను పారేయకండి.

ప్రెషర్ మాట మరీ ముఖ్యం. ఆవిరి వ్యవస్థకు పెట్టాల్సింది 13 అంగుళాల నీటి ఎత్తు, అంటే సుమారు 33 సెంటీమీటర్లు. టైరు గాలి కొలిచే లెక్కలో అర పీఎస్ఐ కూడా కాదు. పంచర్ షాపు కంప్రెసర్ గాలి నేరుగా పట్టిస్తే హోసులు ఊడతాయి, ట్యాంకు ఉబ్బుతుంది, పెట్రోల్ బయటికి చిమ్ముతుంది. హీటరు తీగతో ఇంట్లో తయారుచేసిన పొగ డబ్బాలు ట్యాంకు దగ్గరికి తేవద్దు.

బెజవాడ_పాతబండ్లు
ఆ 33 సెంటీమీటర్లను మిషన్ లేకుండానే కొలవొచ్చు. పారదర్శక ట్యూబును యూ ఆకారంలో వంచి చెక్కకు కట్టి, సగం దాకా నీళ్లు పోయండి. బీపీ చూసే పరికరంలోని రబ్బరు బుడగ, ఒక టీ జాయింటు కావాలి. ట్యాంకు నుంచి వచ్చే ఆవిరి పైపును కెనిస్టర్ దగ్గర విప్పి టీకి కలిపి, మెల్లగా నొక్కుతూ రెండు వైపుల నీటి తేడా 30 సెంటీమీటర్లకు తెచ్చి ఆపండి. 35 లీటర్ల ట్యాంకు సగం ఖాళీగా ఉంటే అర లీటరు గాలి సరిపోతుంది. రెండు నిమిషాలు నీటిమట్టం నిలబడాలి. దిగిపోతుంటే మూత, ఫిల్లర్ హోసు, ఫ్లాంజ్ చుట్టూ సబ్బు నురుగు రాసి బుడగల కోసం చూడండి. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు, ఆరుబయట చేయాలి. ఎండలో పెట్రోల్ ఆవిరి పెరిగి నీటిమట్టం తనంతట తానే ఎక్కుతుంది, లీకున్నా లేనట్టు కనిపిస్తుంది. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో మాత్రం వద్దు.

నల్గొండ_మైలేజ్
అన్నా, ఇంత కష్టం దేనికి? కెనిస్టర్ తీసేస్తే పాయె. పాత కార్బ్యురేటర్ బండ్లు అది లేకుండానే తిరగలేదా? ఇంజిన్ పవర్ కూడా ఏం తగ్గదు.

విశాఖ_ఇంధనం
పవర్ తగ్గదు తమ్ముడూ, నిజమే. కానీ ఆ పైపుకు బోల్టు కొడితే ట్యాంకుకు ఊపిరి ఆగుతుంది. పెట్రోల్ తగ్గేకొద్దీ లోపల వాక్యూమ్ పెరుగుతుంది. మూతలో గాలి లోపలికి తీసుకునే చిన్న వాల్వు పాతబడి బిగుసుకుంటే పంపు లాగలేక బండి రోడ్డు మధ్యలో ఆగుతుంది. ఎండలో నిలబెడితే అదే ట్యాంకు ప్రెషరెక్కి, ఏ జాయింటు బలహీనంగా ఉంటే అక్కడి నుంచి తోస్తుంది. బోల్టు కొట్టకుండా పైపు తెరిచి వదిలేస్తే ఆవిరంతా వేడి ఇంజిన్ పక్కకే చేరుతుంది. కార్బ్యురేటర్ బండి ట్యాంకుకు గాలి దారి వేరేగా పెట్టి తయారుచేశారు. ఈ బండికి ఆ దారే కెనిస్టర్ మీదుగా పెట్టారు.

తీసే ముందు కెనిస్టర్‌ను పరీక్షించండి. ఊపితే లోపల ద్రవం అలికిడి వినపడినా, కొత్తదానికన్నా బాగా బరువుగా ఉన్నా పెట్రోల్ తాగేసినట్టే. కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: బంకులో గన్ను టక్కుమని ఆగాక రౌండ్ ఫిగర్ కోసం ఇంకో రెండుసార్లు నొక్కించడం. ఆ పై పెట్రోల్ ఆవిరి పైపులోకెక్కి బొగ్గును ముంచుతుంది. తడిసిన బొగ్గు ఆవిరిని పట్టలేదు. గింజలు చిట్లి పొడై పర్జ్ వాల్వులో ఇరుక్కుంటే అది మూసుకోదు. అప్పుడు నింపిన వెంటనే స్టార్టింగ్ కష్టమవుతుంది. చల్లని ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా పర్జ్ వాల్వుకు కెనిస్టర్ వైపు పైపు విప్పి వేలు పెట్టండి, లాగకూడదు. లాగితే వాల్వు తెరుచుకుని ఇరుక్కుంది.

తెనాలి_హ్యాచ్‌బ్యాక్
ఇందులో ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోల్ పాత్ర ఉందా? రింగు, హోసు ఏ రకం తీసుకోవాలి?

విశాఖ_ఇంధనం
2009 బండి ఈ20 కోసం తయారైంది కాదు, కాబట్టి పాత రబ్బరు మీద ప్రభావం ఉంటుంది. ఇథనాల్ వల్ల అది ఉబ్బి, ఎండినప్పుడు గట్టిపడి, పగుళ్లు వస్తాయి. అలాగని ప్రతి వాసననూ ఈ20 మీదకు తోయొద్దు. పదిహేనేళ్ల రబ్బరు ఏ పెట్రోల్‌లోనైనా గట్టిపడుతుంది. పరీక్ష చిన్నదే: హోసును వేళ్ల మధ్య వంచండి. మెత్తగా వంగి, వదలగానే మునుపటి ఆకారానికి తిరిగొస్తే బాగుంది. వంచిన చోట సన్నని గీతలు పడితే మార్చండి. కొత్త సన్న హోసు మీద ఎస్ఏఈ జే30 ఆర్9 అని ముద్ర ఉండాలి, దాని లోపలి పొర ఇథనాల్‌ను తట్టుకుంటుంది. షాపులో దొరికే పారదర్శక ప్లాస్టిక్ ట్యూబు ఆవిరి పైపుగా వేస్తే కొన్ని నెలల్లో కర్రలా బిగుసుకుని జాయింటు దగ్గర చిట్లుతుంది. యూ ట్యూబు పరీక్ష వరకే దాని పని. క్లాంపులు నునుపైన పట్టీ ఉన్నవే వేయండి, చిల్లుల పట్టీ రబ్బరును కోస్తుంది.

కూకట్‌పల్లి_స్కానర్
నా మాట ఒక్క మెట్టు మార్చుకుంటున్నాను. ఈ బండికి ముందు సీటు ఎత్తి చూడండి, ఫిల్లర్ హోసు చూడండి. అక్కడ గుర్తు ఏదీ లేకపోతే అప్పుడు స్మోక్. గుర్తు కనపడినా, మార్చాక స్మోక్ చేయించండి, రెండో లీకు ఉంటే బయటపడుతుంది.

బెజవాడ_పాతబండ్లు
మార్చాక నేనైతే స్మోక్‌కన్నా ఫుల్ ట్యాంకునే నమ్ముతాను. గన్ను మొదటిసారి ఆగిన చోటే ఆపి నింపించి, ఒక రాత్రి నిలబెట్టి, పొద్దున ఫ్లాంజ్ చుట్టూ తెల్లకాగితం ఒత్తి చూడాలి. పొగ ఆవిరినే చూపిస్తుంది, తడిసిన రింగు కింద నుంచి మెల్లగా ఊరే పెట్రోల్‌ను చూపించదు.

విప్పేటప్పుడు ట్యాంకు పావుకన్నా తక్కువుండాలి. ముందు పంపు ఫ్యూజు తీసి ఇంజిన్ ఆగేదాకా నడపండి, తర్వాత బ్యాటరీ నెగెటివ్ తీయండి. ఫ్లాంజ్‌ను పట్టి ఉంచే లాక్ రింగును ఉక్కు ఉలితో కొట్టొద్దు, నిప్పురవ్వ వస్తుంది. ఇత్తడి కడ్డీ వాడండి. పాత రబ్బరు రింగు బయటికి రాగానే ఉబ్బుతుంది, మళ్లీ ఆ గాడిలో సరిగ్గా కూర్చోదు. బాగున్నట్టే కనిపించినా దాన్ని తిరిగి వేయకండి. గాడిని పొడిగుడ్డతో తుడిచి, కొత్త రింగును సిలికాన్ గానీ గ్రీజు గానీ లేకుండా పొడిగానే పెట్టండి. ఫ్లాంజ్ మీది బాణం గుర్తును ట్యాంకు మీది గుర్తుకు కలపండి, లేకపోతే పెట్రోల్ మట్టం కొలిచే ఫ్లోటు ట్యాంకు గోడకు తగిలి మీటరు తప్పు చూపిస్తుంది.