మా సువర్ణరేఖ టెంకకి సువర్ణరేఖ ఎందుకు కాయలేదు?

బొబ్బిలి కుర్రాడు:
మా పెరట్లో తాత వేసిన సువర్ణరేఖ మామిడి చెట్టుంది, కాయ భుజం మీద ఎర్రటి రంగు, కోస్తే పీచు తగలదు. తొమ్మిదేళ్ల కిందట ఆ చెట్టు పండే తిని టెంక నా చేత్తో పాతాను. ఈ వేసవిలో మొదటి కాపు, పదకొండు కాయలు. ఎరుపు చుక్క కూడా లేదు, పళ్ల సందుల నిండా పీచు. అమ్మమ్మ ఒక ముక్క నోట్లో పెట్టుకుని "ఏట్రా ఇది, ఇంత పులుపు" అని ఉమ్మేసింది. నేల తేడా అంటాడు నాన్న, కానీ రెండు చెట్ల మధ్య ఇరవై అడుగులు కూడా లేవు. నీట్‌కి చదువుతున్న చెల్లేమో "మియోసిస్ అన్నయ్యా" అని జైగోటీన్, పాకిటీన్ వల్లించి వెళ్లిపోయింది. అదే చెట్టు టెంక కదా, ఎలా మారింది?

తోట మనిషి:
టెంక మొక్కంటే అంతే బావు. పూత మీద ఈగలు వాలి ఎక్కడో నాటు చెట్టు పుప్పొడి తెచ్చుంటాయి. అంటు కట్టించాల్సింది.

జువాలజీ మేడమ్:
ఈగల మాట నిజమే కానీ సగమే. తన పుప్పొడితోనే కాయ కట్టినా ఆ టెంక నుంచి అచ్చం సువర్ణరేఖ రాదు, ఎందుకంటే కలగాపులగం ఈగ వాలకముందే పూమొగ్గలో జరిగిపోతుంది.

మామిడి కణంలో 40 క్రోమోజోములు (చెట్టు గుణాల్ని మోసే పోగులు), అంటే 20 జతలు. ప్రతి జతలో ఒకటి ఆ చెట్టుకి తల్లి ఇచ్చింది, ఒకటి తండ్రి ఇచ్చింది, రెండూ ఒకేలా ఉండవు. కొమ్మ పెరిగేటప్పుడు 40కి 40 నకలు తీసి పంచుకుంటుంది, అంటు మొక్క తల్లిలాగే కాసేది అందుకే. పుప్పొడికీ అండానికీ మాత్రం సగమే వెళ్లాలి, లేకపోతే తరానికోసారి 80, 160 అయిపోవూ? ఆ సగం చేసే పనే మియోసిస్, మన తెలుగు మీడియంలో క్షయకరణ విభజన.

ముందు ప్రతి క్రోమోజోముకీ నకలు తయారవుతుంది. తర్వాత జతలోని రెండూ పొడవునా ఒకదాన్నొకటి అతుక్కుంటాయి, చెల్లి చెప్పిన జైగోటీన్ అదే. పాకిటీన్‌లో ముక్కల మార్పిడి. ఎర్ర రిబ్బనూ తెల్ల రిబ్బనూ పక్కపక్కన పెట్టి ఒకే చోట కత్తిరించి, చివరలు అటుదిటు ఇటుదటు కుట్టి చూడండి, తాత చెట్టులో ఎక్కడా లేని రిబ్బన్లు రెండు చేతికొస్తాయి. ఆపైన జతలు విడిపోయేటప్పుడు ఏది ఎటు పోతుందో ఒక జతకీ ఇంకో జతకీ సంబంధం లేదు. ఇరవై సార్లు బొమ్మా బొరుసూ వేసినట్టు, అంటే 10,48,576 రకాలు, ముక్కల మార్పిడి లెక్కేయకుండానే! మనుషులకి 23 జతలు కాబట్టి 83,88,608. రెండో విభజనలో నకళ్లు కూడా విడిపోయి నాలుగు కణాలవుతాయి. నాలుగూ పుప్పొడి రేణువులవుతాయి, అండం వైపు మాత్రం మూడు చచ్చి ఒకటే మిగులుతుంది.

ఎరుపు, తీపి, పీచులేనితనం అన్నీ తాత చెట్టులో ఒక్కచోట కుదిరాయి. మీ టెంకలో ఆ కూర్పు చెదిరింది. మన పాత మామిడి రకాలు చాలామటుకు ఎవరి తోటలోనో ఇలాగే అదృష్టం కొద్దీ తేలిన టెంక చెట్లే లెండి.

బొబ్బిలి కుర్రాడు:
మేడమ్, మరి మావయ్య కేరళ నుంచి తెచ్చిన టెంకకి మూడు మొలకలొచ్చాయి, తల్లిలాగే కాస్తాయన్నారే?

జువాలజీ మేడమ్:
పడమటి తీరం రకాలు కొన్నిటికి అలా వస్తాయి. ఆ మొలకల్లో ఎక్కువ భాగం అండం నుంచి కాదు, దాని చుట్టూ ఉన్న తల్లి కణాల నుంచే పుడతాయి, మియోసిస్ జోలికే పోవు. సువర్ణరేఖ టెంకకి ఒక్కటే మొలక.

చెల్లికి ఇంకోటి చెప్పండి. ఆడపిల్లల్లో అండానికి ఈ విభజన పుట్టకముందే మొదలై, మధ్యలో ఏళ్లకేళ్లు ఆగిపోతుంది. తను ఏ అండం నుంచి వచ్చిందో, దాని మియోసిస్ మొదలైంది మీ అమ్మ మీ అమ్మమ్మ కడుపులో ఉన్నప్పుడు!

తోట మనిషి:
ఇదంతా నాకు తెలీదు గానీ ఆ చెట్టు కొట్టీకు బావు. తల నరికి, వచ్చిన చిగుళ్ల మీద తాత చెట్టు పుల్లలు అంటు కట్టించు.

బొబ్బిలి కుర్రాడు:
అలాగే చేస్తా. ఒక్క కొమ్మ మాత్రం ముట్టుకోవద్దని అమ్మమ్మ ఆర్డర్, ఆవకాయకి ఆ పులుపే కావాలట.