హీబ్రూ కోరస్‌లో 2+2+3 నడక: మిశ్రచాపు అలవాటు అడ్డొస్తోంది

న్యూజెర్సీలో మా ఊరి కమ్యూనిటీ కాయిర్‌లో (బృందగానంలో) టెనార్, అంటే మగవాళ్ల పై స్థాయి గొంతు, పాడుతున్నాను. డిసెంబర్ కచేరీలో యూదుల పండుగ హనుక్కా పాటలు, క్రిస్మస్ పాటలు రెండూ ఉన్నాయి. క్రిస్మస్ పాటలతో ఇబ్బంది లేదు. చిక్కంతా లెనార్డ్ బెర్న్‌స్టైన్ 1965లో రాసిన 'చిచెస్టర్ సామ్స్' అనే బృందగాన రచన మొదటి భాగంతోనే. అందులో బైబిల్‌లోని 100వ కీర్తన హీబ్రూలో, 7/4లో (ఆవర్తానికి ఏడు లెక్కలు), మంచి వేగంతో నడుస్తుంది.

మా కండక్టర్ దాన్ని 2+2+3గా చూపిస్తారు. చిన్నప్పటి నుంచి కర్ణాటక సంగీతం పాడిన నాకు ఏడు అనగానే మిశ్రచాపు తాళం, అంటే 3+2+2 వచ్చేస్తుంది. కీర్తన మొదటి మాట 'హరీయూ' అని ఎత్తుకోగానే లోపల మూడు లెక్కల 'తకిట' మొదలవుతుంది. మూడో లెక్క మీద పడాల్సిన ఊనిక నాలుగో దాని మీద పడుతుంది, అక్కడి నుంచి పక్కవాళ్లతో కలవదు.

మెట్రోనోమ్ (లెక్క కొట్టే పరికరం) నిమిషానికి 80లో పెడితే బాగానే వస్తోంది, 110 దాటితే చెదిరిపోతోంది. 'తక తక తకిట' అని జతులు (తాళం సొల్లులు) చెప్పుకుంటే ఎంత వేగంలోనైనా నిలుస్తుంది, సాహిత్యం చేర్చగానే పోతుంది. విలోమచాపుగా, అంటే 4+3గా వేసి చూశాను. మొదటి నాలుగూ ఒకే ముద్దగా వచ్చి మధ్య ఊనిక పోయింది. ఉచ్చారణ సమస్య కాదు, మాటలన్నీ తెలుగు లిపిలో రాసుకుని కంఠస్థం చేశాను. ఈ భాగం నాకు ప్రాణం, పెదాలు కదిపి సరిపెట్టడం ఇష్టం లేదు.

కర్ణాటక సంగీతం నుంచి కాయిర్‌కి వచ్చినవాళ్లు చెప్పండి: 2+2+3ని సాహిత్యంతో సహా వేగంలో నిలబెట్టడానికి మీకు ఏ సాధన పనిచేసింది?