గెయిన్‌ని "లాభం" అనొచ్చా? యాంటెన్నా పాఠానికి మాటలు కావాలి

అనువాదిని:
అందరికీ నమస్కారం. డిప్లొమా పిల్లల కోసం యాంటెన్నాల పాఠం ఒకటి తెలుగు చేస్తున్నాను. "ఈ యాంటెన్నా గెయిన్ 8 డెసిబెల్స్" అన్న చోట బండి ఆగిపోయింది. గెయిన్ అంటే ఒక దిక్కుకి యాంటెన్నా ఎంత ఎక్కువ పంపుతుందో చెప్పే లెక్క. ఎవరిదో పాత నోట్సులో "లాభం" అని ఉంది. చదువుతుంటే యాంటెన్నా ఏదో వ్యాపారం పెట్టి నాలుగు డబ్బులు మిగిల్చినట్టుంది. "వృద్ధి" అని మార్చాను, అదీ మింగుడు పడలేదు. తర్వాతి పేజీలో లోబ్ (ఏ దిక్కుకి ఎంత వెళ్తుందో గీసిన పటంలో వచ్చే ఉబ్బు), నల్ (ఏమీ వెళ్లని దిక్కు) కాచుకుని ఉన్నాయి. మంచి మాటలుంటే చెప్పి పుణ్యం కట్టుకోండి.

బడిబల్ల:
లాభానికి ఏమొచ్చిందండీ? లాభనష్టాల లెక్కలు చేసిన పిల్లలకి ఇట్టే తడుతుంది.

ఏరియల్ తాత:
బడిబల్ల గారూ, అలా తట్టడంతోనే చిక్కు. ఆంప్లిఫయర్‌కి లాభమన్నా, వృద్ధి అన్నా చెల్లుతుంది. దానికి విడిగా కరెంటు ఇస్తున్నాం, సిగ్నల్ నిజంగానే పెరుగుతోంది. యాంటెన్నా సొంతంగా ఒక్క మిల్లీవాట్ కూడా పుట్టించదు. కేబుల్లోంచి పది వాట్లు అందితే, అన్ని దిక్కులకూ వెళ్లింది కలిపినా పది దాటదు. కాస్త వేడి కింద పోతుంది కూడా. ఒకవైపు ఎక్కువ పడిందంటే ఇంకోవైపు కోత పడిందనే. "ఒక కంట వెన్న, ఒక కంట సున్నం" అంటామే, అచ్చం ఆ వ్యవహారం. అందుకే నా ఓటు "మొగ్గు"కి. "దీని మొగ్గు తూర్పుకి" అంటే పైకెక్కి బోల్టులు బిగించే కుర్రాడికి కూడా అర్థమవుతుంది.

మరి పక్షపాతం లేని యాంటెన్నా ఉందా అంటే, పుస్తకంలోనే ఉంది. ఐసోట్రోపిక్ అంటారు, అన్ని దిక్కులకూ సమానంగా పంచేది. కొలబద్దగా ఊహించుకున్నదే తప్ప కొట్లో దొరకదు. దీనికి "సమవర్తి" అని పెడితే ఎలా ఉంటుంది? అమరకోశంలో అది యముడి పేరు. అందరినీ ఒక్కలా చూసేది ఆయనొక్కడే మరి!

ఇక మామూలు డైపోల్. అలలో సగం పొడవున్న తీగ, మధ్యలో కేబుల్. తీగకి అడ్డంగా ఉండే దిక్కుల్లో సమవర్తి కన్నా 1.64 రెట్లు ఇస్తుంది, అంటే 2.15 డెసిబెల్స్. తీగ కొసలు చూసే దిక్కున సున్న. ఏ దిక్కుకి ఎంత వెళ్తుందో గీస్తే వచ్చే ఆకారాన్ని పుస్తకాల్లో డోనట్ అని రాస్తారు. ఇంట్లో గారె పెట్టుకుని డోనట్ ఎందుకండీ? కాకపోతే ఈ గారె చిల్లులో సూది కూడా దూరదు.

తేనెతెట్టె:
సమవర్తి అదిరింది. కానీ పరీక్షలో యముడని రాసేవాడు ఒకడైనా ఉంటాడు.

రేణిగుంట జంక్షన్:
పెద్ద ఎత్తున మొగ్గు చూడాలంటే మా వైపు రండి. తిరుపతి దగ్గర గాదంకిలో వాతావరణాన్ని చూసే రాడార్ ఉంది. 130 మీటర్ల చదరపు నేల, 32 వరసలు, వరసకి 32 చొప్పున 1,024 యాగీ యాంటెన్నా (పాత టీవీలకి ఇంటి మీద పెట్టే చువ్వల యాంటెన్నా లాంటిది) స్థానాలు. ఒక్కటీ తిరగదు, అన్నీ ఆకాశం వైపే చూస్తూ నిలబడి ఉంటాయి. పనిచేసేది 53 మెగాహెర్ట్జ్ మీద. అన్నిటి అలలూ పైన ఒకదానితో ఒకటి కలిసి, పుంజం (బీమ్) వెడల్పు 3 డిగ్రీలకి దిగుతుంది. ఒక్కో దానికి సిగ్నల్ అందే వేళ కాస్త ముందూ వెనకా చేస్తే చాలు, ఇనుము కదలకుండా పుంజం పక్కకి వాలుతుంది. గెయిన్ 36 డెసిబెల్స్ అంటారు, అంటే సమవర్తికి దాదాపు 4,000 రెట్లు. తాత గారి లెక్కన ఆ 4,000 ఎక్కడి నుంచో రాలేదు, మిగతా ఆకాశాన్ని ఎండగట్టి తెచ్చినదే.

అన్నట్టు యాగీ ఒక్కటే రాయకండి, యాగీ-ఉదా అనాలి. 1926లో జపాన్‌లోని సెండాయ్‌లో పని చాలావరకు చేసింది షింతారో ఉదా. యాగీ ఆయన ప్రొఫెసరు.

బడిబల్ల:
తెలుగులో యాగీ చేసేవాడి పేరే పైకొస్తుంది లెండి. పక్కన "ఉదా" అని ఉంటే పిల్లలు ఉదాహరణ ఏదీ అని వెతుక్కుంటారు.

తేనెతెట్టె:
లోబ్ సంగతి. జీవశాస్త్రం పుస్తకాల్లో లంబిక అని ఉంది, చెవికైతే తమ్మె. "ప్రధాన తమ్మె, పక్క తమ్మెలు" అంటే నాకు కమ్మలే గుర్తొస్తున్నాయి. రష్యన్‌లో దీనికి వాడే మాటకి అర్థం పూరేక. జర్మన్‌లో గద. పటం గీసి చూస్తే రేకలాగే ఉంటుంది కాబట్టి ప్రధాన రేక, పక్క రేకలు, వెనక రేక అందాం.

ఏరియల్ తాత:
రేక బాగుంది, ఉంచండి. నల్‌కి సున్న చాలు. దాన్ని పిల్లలకి చూపించడానికి ల్యాబ్ కూడా అక్కర్లేదు. పాత ట్రాన్సిస్టర్ ఒకటి సంపాదించి, మీడియం వేవ్‌లో ఆకాశవాణి విజయవాడ కేంద్రం, 837 కిలోహెర్ట్జ్, లాంటిది పెట్టండి. సెట్టుని బల్ల మీద మెల్లగా తిప్పుతూ పోతే ఒక చోట మాట పలచబడి గరగర పైకొస్తుంది. లోపల చుట్ట చుట్టిన నల్లటి ఫెర్రైట్ కడ్డీ ఉంటుంది, దాని కొస స్టేషన్ వైపు చూస్తోందన్న మాట. కాస్త అటూ ఇటూ జరపగానే మాట మళ్లీ వచ్చేస్తుంది. రేక వెడల్పు, సున్న సన్నం. అందుకే స్టేషన్ ఏ దిక్కున ఉందో వెతికేవాళ్లు పెద్దగా వినిపించే చోటు పట్టుకోరు, వినిపించని చోటు పట్టుకుంటారు. స్టేషన్ కడ్డీ ఈ కొస వైపా, ఆ కొస వైపా అన్నది మాత్రం ఒక్క సెట్టుతో తేలదు. పంపేటప్పుడు ఏ మొగ్గో అందుకునేటప్పుడూ అదే మొగ్గు. ఇది పాఠంలో లేకపోతే తప్పకుండా చేర్చండి.

నిప్పుకోడి:
మా ఇల్లు సెల్ టవర్‌ని ఆనుకునే ఉంది, సిగ్నల్ అంతంత మాత్రం. దీపం కింద చీకటి ఇదేనా?

రేణిగుంట జంక్షన్:
కొంతవరకు అదే. టవర్ మీది నిలువు పలకల్లాంటి యాంటెన్నాల ప్రధాన రేక పైకీ కిందకీ సన్నం, అడ్డంగా వెడల్పు. కొద్దిగా కిందకి వంచి దూరపు వీధుల వైపు పెడతారు. కాళ్ల దగ్గర ఉన్నవాళ్లకి అందేది పక్క రేకలే. దగ్గరతనం వల్ల అదే చాలాసార్లు సరిపోతుంది, కాబట్టి తప్పంతా రేకది కాకపోవచ్చు. గోడలు కూడా చూసుకోండి.

మెలిక:
అడ్డు తగులుతున్నందుకు ఏమనుకోకండి. మొగ్గు అన్నది డైరెక్టివిటీకి (వేడి కింద పోయింది లెక్కలోకి తీసుకోకుండా, బయటికి వెళ్లింది ఒక దిక్కుకి ఎంత మొగ్గిందో చెప్పేది) సరిపోతుంది, గెయిన్‌కి కాదు. అల కన్నా బాగా పొట్టి తీగ తీసుకోండి. మొగ్గు 1.5 రెట్లు, డైపోల్‌కి పెద్దగా తీసిపోలేదు. కానీ ఇచ్చిన పవర్లో నూటికి తొంభై వంతులు వేడి కింద పోతే, వెన్న వేసిన కంట కూడా మిగిలేది సమవర్తిలో ఏడోవంతే. గెయిన్ ఆ కోత పోగా వచ్చేది. రెంటికీ ఒకే మాట పెడితే లెక్కలు తప్పుతాయి.

బడిబల్ల:
నా లాభం పోయినా దాని ముందు మాట పనికొస్తుంది. "నికర లాభం" అంటాం కదా, ఖర్చులు పోగా మిగిలినది. డైరెక్టివిటీ మొగ్గు, గెయిన్ "నికర మొగ్గు".

మెలిక:
ఒప్పుకుంటున్నాను. అరుదుగా జరిగేదే!

అనువాదిని:
మొగ్గు, నికర మొగ్గు, రేక, సున్న రాసేసుకున్నాను. మొదటిసారి వచ్చిన చోట ఇంగ్లీషు మాట కూడా ఉంచుతాను, ఇంటర్వ్యూలో "నికర మొగ్గు" అంటే వాళ్లు నోరెళ్లబెడతారు. సమవర్తి మీద మా ప్రిన్సిపాల్ గారిని అడగాలి. ఫ్రంట్ టు బ్యాక్ రేషియోకి (ముందుకి వెళ్లేది వెనక్కి వెళ్లేదానికి ఎన్ని రెట్లో చెప్పేది) "ముందు వెనకల తేడా" అనుకుంటున్నా. తేడా అంటే తీసివేత కదా, ఇది భాగహారం అని మెలిక గారు అనకముందే ఎవరైనా వేరే మాట చెప్పండి.