సైనికుల పాత రక్తం మీద క్యాన్సర్ పరిశోధన: అడక్కుండా చేయొచ్చా?

బెజవాడ బుల్లోడు: అమెరికా సైన్యంలో హెచ్‌ఐవీ పరీక్షకు తీసిన రక్తంలో మిగిలిన సీరం (రక్తం గడ్డకట్టాక పైన తేలే ద్రవం) పారబోయరు. 1980ల నుంచి మైనస్ 30 డిగ్రీల చలిలో దాస్తున్నారు. మేరీల్యాండ్‌లో ఆ సీసాలు కోట్లలో ఉన్నాయి. క్యాన్సర్ పరిశోధకులకూ వాటిని ఇస్తున్నారు. మా అక్క కొడుకు అక్కడ ఆర్మీలోనే ఉన్నాడు, వాడికి ఈ సంగతే తెలీదు. ఒకదానికని తీసి ఇంకోదానికి వాడటం నాకు నచ్చలేదు. మీరేమంటారు?

ల్యాబ్ లక్ష్మి: వాడాల్సిందే అంటాను. జబ్బు బయటపడ్డాక తీసిన రక్తం ఏ ఆసుపత్రిలోనైనా ఉంటుంది. అంతకు పదేళ్ల ముందుది ఎవరి దగ్గరుంది? 2009లో వాల్టర్ రీడ్ అనే అక్కడి సైనిక ఆసుపత్రి డాక్టర్లు ఈ నిల్వలోంచే, మైలోమా (ఎముక మజ్జలో మొదలయ్యే రక్త క్యాన్సర్) వచ్చిన 30 మంది పాత సీరం తీసి చూశారు. జబ్బు తేలకముందే 27 మందిలో అసహజ ప్రోటీన్ కనిపించింది. 2023లో పెంటగాన్ లెక్క చూశారా? విమాన సిబ్బందిలో మెలనోమా (ఒక రకం చర్మ క్యాన్సర్) మామూలు జనం కంటే 87 శాతం ఎక్కువ. కారణం వెతకాలా వద్దా?

గోదారి గట్టు: వెతకండి, ఎవరు కాదన్నారు? అడిగి వెతకండి. జన్యు సమాచారం చూసి ఉద్యోగంలో వివక్ష చూపకూడదని అక్కడ 2008లో చట్టం చేశారు. అది సైన్యానికి వర్తించదు. రేపు ఏదో తేలి పైలట్‌ను కింద కూర్చోబెడితే?

ల్యాబ్ లక్ష్మి: పరిశోధకులకు పేర్లు తీసేసే ఇస్తారండీ. పైగా సీరంలో వెతికేది ఎక్కువగా ప్రోటీన్లనే. జన్యువులూ ప్రోటీన్లూ కలిపి చదవాలంటే కణితి ముక్క కావాలి. 2016లో మొదలైన అపోలో చేసేది అదే (మన హాస్పిటల్ కాదు లెండి, అక్కడి రక్షణ శాఖ, మాజీ సైనికుల శాఖ, జాతీయ క్యాన్సర్ సంస్థ కలిసి పెట్టుకున్నది).

గోదారి గట్టు: మాజీ సైనికుల శాఖ పేరెత్తారు కాబట్టి అడుగుతున్నా. వాళ్లే 2011లో ఇంకో కార్యక్రమం పెట్టి, ఒక్కొక్కరినీ అడిగి రక్తం తీసుకున్నారు. 2023 నవంబరుకల్లా పది లక్షల మంది చేరారు. అడిగితే ఇచ్చేవాళ్లని అడగడానికి నొప్పేంటి?

బెజవాడ బుల్లోడు: నా డౌటు వేరే. పేర్లు తీసేశాక, ఆ ప్రోటీన్ ఉన్నోడికి కబురు చెప్పేదెలా?

ల్యాబ్ లక్ష్మి: చెప్పరు. ఆ ప్రోటీన్ ఉన్నవాళ్లలో ఏడాదికి నూటికి ఒకరికే అది మైలోమాగా ముదురుతుంది, ప్రోటీన్ మాత్రమే ఉన్న దశలో మందు కూడా ఇవ్వరు. చెప్తే మిగతా 99 మందికీ టెన్షనే.

గోదారి గట్టు: ఆ టెన్షన్ పడాలో వద్దో వాళ్లని తేల్చుకోనివ్వండి మేడమ్.